నెట్ రాని టాబ్‌కు తాళం పడితే

వైఫై పోయిన టాబ్‌ను అమ్మాలంటే ధర తగ్గించుకోవాలి, అంతే కదా అనుకుంటాం. ధర సంగతి తర్వాత. ముందు దాన్ని తుడిచి, మన గూగుల్ అకౌంట్ పేరు మీద పడిన తాళం తీసి, కొన్నవాళ్ళ చేతికి ఖాళీగా ఇవ్వాలి. అది ఒకసారి పడిందంటే, తీయడానికి నెట్ కావాలి. నెట్ రావాలంటే వైఫై కావాలి. వైఫై లేకనే కదా అమ్ముతున్నాం!

నేను అనంతపురం సాయినగర్‌లో ఇంటి దగ్గరే హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్తాను. 2020లో బడులు మూతపడినప్పుడు ఆన్‌లైన్ క్లాసుల కోసం ఈ పది అంగుళాల టాబ్ కొన్నాను. సిమ్ పెట్టుకునే వీలు లేని, వైఫై ఒక్కటే ఉన్న రకం. అప్పుడు అదే చవకగా దొరికింది. నాలుగేళ్ళు బాగానే పనిచేసింది. పోయిన ఎండాకాలం నుంచి మొండికేసింది. వైఫై బటన్ నొక్కితే ఆన్ అయినట్టే కనిపించి, వెంటనే వెనక్కి వెళ్ళిపోయేది. బ్లూటూత్ కూడా అంతే.

మా అన్న కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఇట్లాంటి వాటికి ఇంట్లో అందరం వాడికే ఫోన్ చేస్తాం. "అత్తా, సెట్టింగ్స్‌లో అబౌట్ టాబ్లెట్ అని ఉంటుంది, అందులో వైఫై అడ్రస్ ఏం చూపిస్తుందో చదువు" అన్నాడు. చదివాను. 02 తర్వాత అన్నీ సున్నాలే: 02:00:00:00:00:00. "అది అసలు అడ్రస్ కాదత్తా. చిప్ పలకకపోతే ఆండ్రాయిడ్ పెట్టే ఉత్త నంబర్" అన్నాడు. చాలా టాబ్‌లలో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే చిప్ మీద ఉంటాయట. అందుకే రెండూ కలిసి పోయాయి. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయడం, సేఫ్ మోడ్‌లో పెట్టి చూడడం అన్నీ అయిపోయాయి. కాసేపు ఫ్రిజ్‌లో పెడితే వస్తుందని ఒకరు సలహా ఇచ్చారు. బయటికి తీయగానే లోపల చెమ్మ పట్టి, పనిచేసే స్క్రీన్ కూడా పోతుందని ఆ సాహసం చేయలేదు.

బాగుచేయించడానికి ఎంత అవుతుందో కనుక్కుందామని ఒక రిపేరు షాపులో ఇచ్చాను. ఇచ్చే ముందు మెమరీ కార్డు తీసేశాను. పాఠాల పీడీఎఫ్‌లు, పిల్లల మార్కుల షీట్లు, ఫొటోలు అన్నీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను. వైఫై లేదు కాబట్టి గూగుల్ ఫొటోస్‌లోకి బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయింది, దాన్ని నమ్ముకోవడానికి లేదు. కేబుల్ పెట్టాక పైనుంచి కిందికి లాగితే ఛార్జింగ్ అని ఉంటుంది, దాన్ని ఫైల్ ట్రాన్స్‌ఫర్‌కు మార్చితేనే ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్లు కనిపిస్తాయి. పిన్ మాత్రం షాపులో చెప్పలేదు. వైఫై చిప్ చూడడానికి నా పిన్‌తో పనేముంది?

సాయంత్రం వెళ్తే, "ఐసీ, అంటే ఆ చిప్ పోయిందక్కా. మార్చాలంటే మూడు వేలు అవుతాది. గ్యారంటీ మాత్రం ఇయ్యలేం" అన్నాడు కుర్రాడు. వద్దులే అని తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి ఆన్ చేస్తే, కొత్త టాబ్ తెరిచినప్పుడు వచ్చే స్వాగతం స్క్రీన్! భాష ఎంచుకోమంటోంది. ఎంచుకున్నాక వైఫైకి కనెక్ట్ చేయమంది. దాటవేద్దామంటే స్కిప్ బటన్ లేదు. ఈ టాబ్ రీసెట్ అయింది, ఇంతకుముందు ఇందులో ఉన్న గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ కావాలి, అందుకు ముందు నెట్ కావాలి అని రాసుంది. షాపుకు ఫోన్ చేశాను. "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమేమో అని బటన్లతో రీసెట్ కొట్టినానక్కా" అని తాపీగా చెప్పాడు. అడగకుండా ఎందుకు కొట్టావంటే, "అందరికీ అట్లనే చేస్తాం గదా" అన్నాడు.

ఈ తాళం ఎందుకు పడుతుందో తెలిస్తే తీయడం కూడా తెలుస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. దీన్ని ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్ అంటారు. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చింది. అంతకుముందు ఫోన్ కొట్టేసినవాడు పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కి రీసెట్ చేసి, కొత్తదానిలా అమ్ముకునేవాడు. ఆ దారి మూయడానికి పెట్టారు దీన్ని. టాబ్‌లో గూగుల్ అకౌంట్, స్క్రీన్ లాక్ రెండూ ఉంటే ఈ కాపలా దానంతటదే మొదలవుతుంది. రీసెట్ చేసినా చెరిగిపోని ఒక చిన్న విభాగంలో ఆ గుర్తు ఉంటుంది.

రీసెట్‌కు రెండు దారులు. సెట్టింగ్స్ లోపలికి వెళ్ళి, పిన్ కొట్టి చేస్తే, చేసేది సొంతదారే అని టాబ్ నమ్ముతుంది. ఆ గుర్తు కూడా తుడిచేస్తుంది. బయటి నుంచి బటన్లతో చేస్తే నమ్మదు. లోపలున్నదంతా పోతుంది గానీ తాళం అట్లాగే ఉంటుంది. అమ్మేవాళ్ళు బటన్లతో రీసెట్ చేసి "శుభ్రంగా ఖాళీ చేశాను" అనుకోవడం, కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి లబోదిబోమనడం ఇక్కడే మొదలవుతుంది. వైఫై బాగుంటే ఫోన్‌లోనే పాస్‌వర్డ్ చెప్పించుకుని ఎట్లాగో బయటపడతారు. వైఫై లేని టాబ్‌కు ఆ దారి కూడా లేదు.

ఇంకో అపోహ కూడా ఉంది, నాకూ ఒకరు చెప్పారు. ఫోన్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, డివైసెస్ పేజీలో ఆ టాబ్ మీద సైన్ అవుట్ నొక్కితే తాళం పోతుందని. పోదు. మీ అకౌంట్ ఆ టాబ్‌తో తెగతెంపులు చేసుకుంటుంది, అంతవరకే. దూరం నుంచి తుడిచేసే సదుపాయం వాడినా, తర్వాత వాడుకోవడానికి ఆ అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఐప్యాడ్ వాళ్ళకు ఇందులో కొంచెం సుఖం. 2013లో ఐఓఎస్ 7తో వచ్చిన వాళ్ళ యాక్టివేషన్ లాక్ ఆపిల్ సర్వర్‌లో ఉంటుంది. ఐక్లౌడ్‌లోకి వేరే ఏ కంప్యూటర్ నుంచైనా వెళ్ళి ఆ ఐప్యాడ్‌ను అకౌంట్ నుంచి తీసేయొచ్చు. ఆ తర్వాత వైఫై లేకపోయినా కంప్యూటర్‌కు కేబుల్‌తో తగిలించి యాక్టివేట్ చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ గుర్తు టాబ్‌లోనే ఉంది కాబట్టి టాబ్ దగ్గరే తేల్చుకోవాలి.

షాపు కుర్రాడు ఆ పని కూడా తనే చేస్తానన్నాడు. "ఎనిమిదొందలు ఇయ్యక్కా, లాక్ బైపాస్ చేస్తా. పాస్‌వర్డ్ గూడా అక్కర్లేదు." తాళం వేయించింది ఆయనే, తీయడానికి డబ్బులడిగేదీ ఆయనే. కోపం పక్కన పెట్టినా ఆ బేరం నాకు నచ్చలేదు. అకౌంట్ నాది, పాస్‌వర్డ్ నాకు తెలుసు. నాకు లేనిది నెట్ ఒక్కటే. దానికోసం టాబ్‌లో ఎవరెవరివో సాఫ్ట్‌వేర్లు ఎక్కించి, ఏం ఎక్కించారో తెలియకుండా ఇంకొకరికి అమ్మమంటే నా వల్ల కాదు.

మళ్ళీ బెంగళూరుకు ఫోన్. "వైఫై లేకుంటే ఏమైందత్తా, వైరు పెట్టు" అన్నాడు. టాబ్‌కు వైరుతో నెట్ ఇవ్వొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. రెండు పద్ధతులు చెప్పాడు. ఒకటి, ఓటీజీ పిన్ను (టాబ్‌కు యూఎస్‌బీ వస్తువులు తగిలించుకునే చిన్న ముక్క) టాబ్‌కు పెట్టి, దానికి ఫోన్ ఛార్జింగ్ కేబుల్ తగిలించి, ఫోన్ నెట్‌ను కేబుల్‌లోంచి పంపే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయడం. ఓటీజీ టాబ్ వైపే ఉండాలి, ఫోన్ వైపు కాదు. ఇది కొన్ని టాబ్‌లలో చక్కగా పనిచేస్తుంది, కొన్నింటిలో చేయదు. ఫోన్‌ను నెట్‌గా గుర్తించే డ్రైవర్ లోపల ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నాదాంట్లో పనిచేయలేదు. ఫోన్‌లో టెథరింగ్ ఆన్ అయింది, టాబ్ మాత్రం వైఫై, వైఫై అంటూనే ఉంది.

రెండోది యూఎస్‌బీ లాన్ అడాప్టర్. ఒక వైపు యూఎస్‌బీ, ఇంకో వైపు రౌటర్ కేబుల్ పెట్టే రంధ్రం ఉండే చిన్న ముక్క. సప్తగిరి సర్కిల్ వైపు వెళ్ళి ఒక కంప్యూటర్ షాపులో అడిగితే, "ల్యాప్‌టాప్‌కా మేడం?" అన్నారు. టాబ్‌కు అంటే వింతగా చూశారు. మావాడు చెప్పినట్టు, డబ్బా మీద ఆర్‌టీఎల్ 8152 గానీ ఏఎక్స్ 88772 గానీ రాసుందా అని చూసుకున్నాను. ఈ చిప్‌లకు డ్రైవర్ ఆండ్రాయిడ్‌లో చాలావరకు ముందే ఉంటుందట. ఊరూపేరూ లేని చవక అడాప్టర్లతోనే తంటా. నాకు ఐదొందల యాభై పడింది. ఓటీజీ ఇంట్లోనే ఉంది.

కేబుల్ పెట్టే ముందు టాబ్‌ను నిండా ఛార్జ్ చేసుకోవాలి. ఉన్న ఒక్క రంధ్రంలో ఓటీజీ పెడితే ఇక ఛార్జర్‌కు చోటుండదు, పైగా అడాప్టర్ కూడా టాబ్ నుంచే కరెంటు తీసుకుంటుంది. పాత బ్యాటరీ మధ్యలో చచ్చిపోతే మళ్ళీ మొదటికే. హాల్లో రౌటర్ పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని, లాన్ కేబుల్ ఒక కొస రౌటర్‌లో, ఇంకో కొస అడాప్టర్‌లో పెట్టాను. అడాప్టర్‌లో పచ్చ లైటు వెలిగింది. టాబ్ స్క్రీన్ మీద మాత్రం పెద్ద మార్పేమీ లేదు, వైఫై జాబితా ఖాళీగానే ఉంది. పనిచేయలేదేమో అని తీసేయబోతుంటే పైన గడియారం కనిపించింది. రీసెట్ అయ్యాక ఎప్పటిదో తప్పు టైము చూపిస్తున్నది కాస్తా సరైన టైముకు మారిపోయింది. అంటే నెట్ వచ్చినట్టే! వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆ స్క్రీన్‌కు వస్తే, మసకగా ఉన్న నెక్స్ట్ బటన్ వెలిగింది.

టైము సంగతి ఊరికే చెప్పడం లేదు. టాబ్‌లో తేదీ ఎక్కడో వెనక ఉండిపోతే నెట్ ఉన్నా గూగుల్ సైన్ ఇన్ కాదు, సర్వర్‌కు కనెక్ట్ కాలేకపోయాం అంటుంది. భద్రతా సర్టిఫికెట్లు తేదీని బట్టే చెల్లుతాయి. సెటప్‌లో తేదీ పెట్టే స్క్రీన్ వస్తే దాన్ని తొందరపడి దాటేయకండి.

నెక్స్ట్ నొక్కాక పాత పిన్ అడిగింది, కావాలంటే గూగుల్ అకౌంట్‌తో అయినా సరే అంది. చాలా కొత్త ఆండ్రాయిడ్‌లలో ఈ రెండు అవకాశాలూ ఇస్తున్నారు. నేను అకౌంట్ వైపే వెళ్ళాను. పాస్‌వర్డ్ కొట్టగానే నా ఫోన్‌కు "మీరేనా?" అని వచ్చింది, అవును అన్నాను, అయిపోయింది. ఇక్కడ కొందరికి టెన్షన్ తప్పదు. పాత సిమ్‌కు ఓటీపీ వెళ్ళేట్టు పెట్టి, ఆ సిమ్ ఎప్పుడో పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలిసే ఉన్నారు. అమ్మే ఆలోచన రాగానే, టాబ్ ఇంకా తెరుచుకుంటున్నప్పుడే, ఫోన్‌లో అకౌంట్ సెక్యూరిటీ పేజీకి వెళ్ళి ఓటీపీ బదులు వాడుకునే బ్యాకప్ కోడ్లు రాసిపెట్టుకుంటే మంచిది. ఎనిమిదంకెల కోడ్లు పది ఇస్తారు. పాస్‌వర్డ్ మర్చిపోయి కొత్తది పెట్టుకున్నవాళ్ళు వెంటనే రీసెట్ జోలికి పోకూడదు. కొత్త పాస్‌వర్డ్ అన్ని పరికరాలకూ చేరడానికి 24 గంటల దాకా పట్టొచ్చని, అప్పటిదాకా ఆగమని గూగులే చెప్తోంది.

టాబ్ తెరుచుకుంది. షాపతను చేసిన రీసెట్‌నే ఇప్పుడు సరైన పద్ధతిలో చేయాలి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్ళి నా గూగుల్ అకౌంట్ తీసేశాను. టాబ్ కంపెనీ సొంత అకౌంట్ ఏదైనా ఉంటే దాన్ని కూడా తీయాలి, దాని తాళం వేరే ఉండొచ్చు. స్క్రీన్ లాక్ ఏమీ లేకుండా పెట్టాను. అప్పుడు సెట్టింగ్స్‌లోంచే ఫ్యాక్టరీ డేటా రీసెట్.

తర్వాత చాలామంది చేయనిది ఒకటుంది. టాబ్ మళ్ళీ స్వాగతం స్క్రీన్‌కు వచ్చాక లాన్ కేబుల్ పీకేసి, నెట్ లేకుండానే సెటప్ మొదలుపెట్టాను. ఈసారి వైఫై స్క్రీన్‌లో "ఆఫ్‌లైన్‌లో సెటప్ చేయండి" అని వచ్చింది. అది నొక్కితే పాత అకౌంట్ ఊసే లేకుండా నేరుగా హోమ్ స్క్రీన్‌కు వెళ్ళిపోయింది. తాళం నిజంగా పోయిందనడానికి ఇదే రుజువు. అకౌంట్ పెట్టకుండా అక్కడే ఆపేశాను.

లోపలి సమాచారం గురించి కూడా నాకు బెంగ ఉండేది. పిల్లల తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు, మార్కులు అందులోనే ఉండేవి. నా టాబ్ ఆండ్రాయిడ్ 10తో వచ్చింది. ఆ వెర్షన్‌తో వచ్చిన పరికరాలన్నింటిలో లోపలున్నది ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలో, ఉండాలన్నది నియమం. రీసెట్‌తో దాని తాళంచెవి పోతుంది కాబట్టి, మిగిలిన ముక్కలు ఎవరు తవ్వినా చదవడానికి రావు. ఇంకా పాత టాబ్ అయితే ముందు సెక్యూరిటీలోకి వెళ్ళి ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తర్వాత రీసెట్ చేయడం మేలు.

ఇక అమ్మకం. పాత మొబైళ్ళు కొనే ఒక షాపులో చూపిస్తే, వైఫై సంగతి వినకముందే, "ఇది బడిలో ఇచ్చిన టాబ్ కాదు గదా మేడం? బిల్లు ఉందా?" అని అడిగారు. 2022 డిసెంబర్‌లో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు టాబ్‌లు ఇచ్చారు కదా, అవి అమ్మకానికి వస్తే చిక్కని వాళ్ళ భయం. అడగడం న్యాయమే. బిల్లు చూపించాను. వైఫై లేదనగానే స్క్రీన్ కోసం విడిభాగాల లెక్కన ఎనిమిది వందలు ఇస్తామన్నారు.

ట్యూషన్‌కు వచ్చే ఒక పాప చెప్పింది, వాళ్ళ మేనమామకు టాబ్ కావాలట అని. ఆయనది ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం. వైఫై, బ్లూటూత్ రెండూ రావు, యూట్యూబ్ రాదు, అప్‌డేట్లు రావు అని ఫోన్‌లో ముందే చెప్పేశాను. "నాకు నెట్టెందుకు మేడం, ఫోన్లో ఉంది గదా. చీర అంచు, కొంగు పెద్దగా కనపడితే చాలు" అన్నాడు. షాపుకు వచ్చినవాళ్ళకు మగ్గం మీదున్న చీరల ఫొటోలు ఫోన్‌లో చూపిస్తే జరీ పని తెలియడం లేదట. మెమరీ కార్డులో ఫొటోలు వేసుకుని గ్యాలరీలో తిప్పి చూపిస్తే ఆయన పని అయిపోతుంది. అకౌంట్ అక్కర్లేదు, ప్లే స్టోర్ అక్కర్లేదు. తాళం పడి ఉంటే మాత్రం ఆ ఫొటోలు చూడడానికి కూడా పనికొచ్చేది కాదు.

రైలుకు వచ్చి స్వయంగా చూసుకున్నాడు. స్క్రీన్ మీద తెల్లటి ఫొటో పెట్టి మచ్చలున్నాయా అని చూశాడు, ఛార్జింగ్ ఎక్కుతుందో లేదో చూశాడు. చీర నేత చూసే కళ్ళు మరి, ఒక మూలన చిన్న గీత నాకూ తెలియనిది పట్టుకుని రెండొందలు తగ్గించాడు. రెండు వేల ఎనిమిది వందలకు తెగింది. ఒక తెల్లకాగితం మీద టాబ్ మోడల్, సీరియల్ నంబర్, తేదీ, "వైఫై, బ్లూటూత్ పనిచేయవు అని చెప్పి అమ్మడమైనది" అని రాసి ఇద్దరం సంతకాలు పెట్టి చెరొక కాపీ ఉంచుకున్నాం. సిమ్ పడే పరికరాలకు ఉండే ఐఎంఈఐ అనే గుర్తింపు నంబర్ వైఫై టాబ్‌కు ఉండదు, సీరియల్ నంబరే దిక్కు. సిమ్ టాబ్ అయితే *#06# కొట్టి ఐఎంఈఐ రాసుకోవాలి. కొనేవాళ్ళు కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబర్ రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే, అది దొంగ సరుకని బ్లాక్ చేసిందో కాదో తెలుస్తుంది.

వెళ్తూ లాన్ అడాప్టర్ కూడా ఇవ్వమన్నాడు. ఇవ్వలేదు, మా పాత ల్యాప్‌టాప్‌కు పనికొస్తోంది. ఓటీజీ మాత్రం ఇచ్చేశాను, పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికి. ఎప్పుడైనా కేబుల్‌తో నెట్ పెట్టి సొంత అకౌంట్ వేసుకుంటే, మళ్ళీ అమ్మేటప్పుడు సెట్టింగ్స్‌లోంచే తీసి రీసెట్ చేయమని, షాపుల్లో బటన్లు నొక్కనివ్వొద్దని చెప్పి పంపాను. ఆయన రైలెక్కాక ఫోన్‌లో నా గూగుల్ అకౌంట్ డివైసెస్ పేజీ తెరిస్తే ఆ టాబ్ పేరు ఇంకా కనిపిస్తోంది. ఈసారి మాత్రం దాని మీద సైన్ అవుట్ నొక్కాను.